ముందెత్తిన గొంతు

మా పక్క రాజీ అంటే మనసులు కలిసి చేసుకునేది కాదు. చంపుకుని చంపుకుని ఇంట్లో మగవాళ్ళు తక్కువపడ్డాక చేసుకునేది ఒకటి, ఇద్దరు నాయకుల మెడలోనూ ఒకే పార్టీ కండువా పడ్డాక కిందివాళ్ళు చేసుకోక తప్పనిది ఇంకొకటి. మా పెద్దమ్మ ఊళ్ళో అయింది రెండో రకం. జమ్మలమడుగు నుంచి ఆటోలో పోయేంత దూరంలో, పెన్న ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. నా చిన్నతనంలో అక్కడ మా పెద్దనాన్నను చంపారు. ఆ ఏడు తిరక్కుండానే ఎదురు వీధిలో ఒకాయనను మావాళ్ళు చంపారు. మావాళ్ళు అని రాయడానికి చెయ్యి రాదు. కానీ ఇంకెవరని రాయను?

రాజీలో షరతులు చాలానే పెట్టుకున్నారు గానీ ఊరంతా గుర్తుపెట్టుకున్నది ఒక్కటే. జరిగిపోయిన మాట ఎవరూ ఎత్తకూడదు. ముందు ఎవరు ఎత్తితే రాజీ చెడగొట్టింది వాళ్ళే. ఆ తర్వాత ఆ ఇంటి మనిషికి ఏమైనా రాజీకి జామీనుగా, అంటే పూచీగా నిలబడ్డ పెద్దమనిషి అడగడు, నాయకుడు అడగడు, ఊరు అసలే అడగదు. ఆ షరతు మీదే ఊరు నిద్రపోతోంది. మా పెద్దమ్మ కొడుకు, నేను అన్నా అని పిలిచేవాడు, పులివెందులలో చీనీకాయల, అదే బత్తాయిల, మండీలో పనికి కుదిరి, వెనకా ముందూ మనుషులు లేకుండా ఒంటరిగా బస్సెక్కి ఇంటికి వచ్చిపోతున్నాడంటే ఆ షరతు పుణ్యమే.

ఆ షరతు ఎంత పదునైనదో మా యూనివర్సిటీ వాళ్ళకు తెలియదు. నేను డిజిటల్ హ్యుమానిటీస్ అనే కొత్త కోర్సులో ఉన్నాను అప్పుడు. ఆ పేరు మా అమ్మకు చెప్పలేక "కంప్యూటర్" అని చెప్పి తప్పించుకున్నాను. తెలుగు చదివినవాళ్ళు, చరిత్ర చదివినవాళ్ళు, కంప్యూటర్ తెలిసినవాళ్ళు కలిసి కూర్చుని, ఊళ్ళలోని పాటలూ మాటలూ పనుల చప్పుళ్ళూ రికార్డు చేసి, ఎవరైనా వినేలా వెబ్‌సైటులో పెట్టడం మా పని. ప్రొద్దుటూరులో బట్టల అంగడి పైన ఒక గది అద్దెకు తీసుకున్నాం. గోడలకు పాత బొంతలు వేలాడదీసి దాన్ని స్టూడియో అనేవాళ్ళం. మా సారు కోస్తావాడు. మంచివాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కేమిటంటే, ఎదుటివాడికి చెడ్డ ఆలోచన వస్తుందని వాళ్ళకు తట్టదు.

రికార్డు చేసే పని మా క్లాసులో ప్రొద్దుటూరు అబ్బాయిది. అందరం భాయ్ అనేవాళ్ళం. వాళ్ళ నాన్న కువైట్‌లో ఉండేవాడు. ఫోన్లు లేని రోజుల్లో వాళ్ళింట్లో మాటలన్నీ క్యాసెట్టులోకి చెప్పి పంపేవాళ్ళట. క్యాసెట్టుకు ఒక పక్క అమ్మ, ఇంకో పక్క నాయనమ్మ. గొంతును జాగ్రత్తగా పట్టుకోవడం అతనికి అట్లా అబ్బింది.

ఒకరోజు పెద్దమ్మ చీరలు కొనే నెపంతో ప్రొద్దుటూరు వచ్చి మా గది మెట్లెక్కింది. పాట పాడమంటే పాడనంది. ఏం చెబుతావు పెద్దమ్మా అంటే, చుట్టూ ఉన్న బొంతలను చూసి, "ఈడ ఏడిస్తే బయటికి ఇనపడదా?" అని అడిగింది.

అప్పుడు తెలిసింది నాకు. పెద్దనాన్నను చంపిన రోజు శవాన్ని ఆసుపత్రి నుంచి పోలీసు బందోబస్తుతో నేరుగా కాటికి తీసుకుపోయారు. ఇంట్లో ఆడవాళ్ళను మగవాళ్ళు గదమాయించారట: "ఏడ్చినారంటే ఊరుకోం. మనం ఏడిస్తే ఎదురు వీధోళ్ళు ఇని నవ్వుతారు." పెద్దమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది. మా పక్క శోకమంటే ఉత్త ఏడుపు కాదు. పోయినవాణ్ణి పేరుపెట్టి పిలిచి, వాడి తిండీ తిరుగుడూ ఇష్టాలూ కోపాలూ వరసపెట్టి, రాగం తీసి అడగడం. అది అడక్కుండా మిగిలిపోయిన మనిషి ఆమె.

"ఊరంతా ఇనాల. అట్లయితేనే ఏడుస్తా," అంది.

భాయ్ మైకు పెట్టాడు. పెద్దమ్మ ఏడ్చింది.

"సద్దిమూట విప్పనే లేదే నా సామీ, ఉల్లిగడ్డ కొరకనే లేదే. ఎద్దులు రెండూ ఇంటికొచ్చె, నిన్ను యాడ ఇడిసిపెట్టొచ్చెనో..."

ఆ ఎద్దుల మాట తర్వాత, దారికి అడ్డం పడిన చేతులు కూలిపోవాలని ఒక శాపం ఉంది. అది ఊళ్ళో వినపడితే షరతు చెడినట్లే. అయినా ఆపలేదు. ఆపమనే హక్కు నాకేముంది?

అంతకన్నా విచిత్రం తర్వాత తెలిసింది. భాయ్ వాళ్ళమ్మ రవికెలు కుడుతుంది. ఎదురు వీధి ఆమె, అంటే మావాళ్ళు చంపిన ఆయన భార్య, ఆమె దగ్గరే కుట్టించుకుంటుందట. మాటల్లో మా గది సంగతి విని ఆమె కూడా వచ్చి ఏడ్చిపోయింది. ఆమెనూ ఆ రోజు ఏడవనివ్వలేదు. అదే మాట, అదే గదమాయింపు. గొర్రెల మంద ఉన్న ఇల్లు వాళ్ళది. "గొర్రిపిల్లకు పాలు పట్టమంటివే, పట్టినా సామీ, నువ్వు సూడకపోతివే" అని ఎత్తుకుంది. ఆమె శోకంలోనూ శాపం ఉంది. అది మావాళ్ళకు.

సారు రెండూ విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. జమ్మలమడుగులో కాలేజీ హాలు తీసుకుని, ఊళ్ళవాళ్ళందరినీ పిలిచి వినిపించి, అదే రోజు వెబ్‌సైటు తెరుద్దామన్నాడు. మా వాళ్ళు బస్టాండులో కాగితాలు అంటించారు. అందులో ఎవరి పేరూ లేదు. 'పెన్న ఒడ్డు ఊరి శోకాలు రెండు' అని మాత్రం ఉంది. మా కోర్సు వాళ్ళకు పేరు తీసేస్తే మనిషి కనపడడని నమ్మకం. మా పక్క దగ్గు వినపడితే చాలు, ఫలానా ఇంటి కోడలని చెప్పేస్తారు.

ఆ కాగితం చూసే వచ్చాడు జామీను నిలబడ్డ పెద్దమనిషి. పార్టీలతో పనిలేకుండా అందరూ మామా అంటారు ఆయనను. పైకెక్కి, చెప్పులు బయట విడిచి, కుర్చీ ఇస్తే కూర్చోకుండా అడిగాడు.

"రెండు శోకాలంట. ముందు ఎవురిది?"

సారుకు అర్థం కాలేదు. "అంటే ఏమిటండీ, వరుసేముంది? మా జాబితాలోని పేర్ల అక్షర క్రమంలో పెడతాం."

"ఆ క్రమంలో ముందు ఎవురొస్తారు?"

సారు కంప్యూటర్ వైపు చూశాడు. నేను చూడక్కర్లేదు. మా పెద్దమ్మే.

మామ నావైపు తిరిగాడు. "ఏమ్మే, నీకు తెల్దా? సదువుకున్నావు, ఊరోళ్ళ బిడ్డవు. మీ పెద్దమ్మ గొంతు ముందు పడితే మాట ముందెత్తింది మీ ఇల్లే. రేపు నీ అన్నకు ఏమన్నా అయితే నన్ను అడగొద్దు. ఎలక్షన్లు ముందరికొచ్చినాయి. ఇద్దురు నాయకుల్లో ఒకాయన పార్టీ మారతాడని ఆడ పుకారు. ఎవురో ఒకరు సాకు కోసమే కాసుకోనుండారు."

"ఆమెది ముందు పెడితే?" అన్నాడు భాయ్.

"ఆమెకూ కొడుకుండాడప్పా."

"పోనీ, ఎవరిది ముందొస్తుందో కంప్యూటరే తేలుస్తుంది," అన్నాడు సారు ఆశగా. "ప్రతిసారీ మారుతుంది. మన చేతుల్లో ఉండదు."

మామకు కోపం రాలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. "మా వాండ్ల పానాలకు లాటరీ తీస్తావా సారూ?" అని చెప్పులేసుకుని దిగిపోయాడు.

పోయిన కాసేపటికి అన్న పులివెందుల నుంచి ఫోన్ చేశాడు. అప్పటికే మాట అక్కడిదాకా పోయింది. వెనక మండీలో వేలం పాటలు వినపడుతున్నాయి.

"ఏందిమే నువ్వు చేసే పని? ఈ మధ్యనే ఒంటిగా బస్సెక్కుతాండా. కిటికీ కాడ కూచుంటాండా. అది నీకు కండ్లమంటగా ఉండాదా? తీసేయమను. అమ్మకు నేను చెప్తా."

చెప్పాడు. మర్నాడు పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, "తీసేయ్‌లే పాపా," అంది. అంతే. ఆమె తిట్టినా నేను తట్టుకునేదాన్ని. రికార్డులో అంత గొంతు పెట్టిన మనిషి, కొడుకు కోసం మళ్ళీ నోట్లో కొంగు కుక్కుకున్నట్లు ఆ రెండు ముక్కలు చెప్పింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ మగవాళ్ళ మీద, ఆ రాజీ మీద, చంపడం వాళ్ళ పనీ నోరు మూసుకోవడం ఆడవాళ్ళ పనీ అని పంచుకున్న ఊరి మీద ఒళ్ళు మండింది.

సారు తీసేద్దామనే అన్నాడు. శాపం ఉన్న ముక్క కోసేద్దామని భాయ్ అన్నాడు. నేను మైకు ముందు కుర్చీలో కూర్చుని రెండు శోకాలూ ఒకదాని వెనక ఒకటి వింటూ, ఇదేమి వినడం, ఇట్లా ఎవరైనా ఏడుస్తారా అనుకున్నాను. అనుకోగానే నాకు మా అవ్వ చనిపోయిన రోజు గుర్తొచ్చింది. ఒకరు ఏడ్చి ముగించాక ఇంకొకరు మొదలుపెట్టడం చావింట్లో ఎక్కడైనా చూశామా? ఒకరి మెడ ఒకరు పట్టుకుని, ఎవరి మాట వాళ్ళు, ఎవరి రాగం వాళ్ళు, అందరూ ఒక్కసారే ఏడుస్తారు. ఎవరి చావు కోసం వచ్చినా ఆడవాళ్ళు ఎవరి పాత చావు వాళ్ళు ఏడ్చుకుంటారు. అక్కడ ముందు లేదు. వరుస పెట్టింది మేమే, మా కంప్యూటరే.

"భాయ్, రెండూ ఒక్కసారే వినిపించగలవా?"

అతను నా వైపు చూసి, ఏమీ అడక్కుండా హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. రెండు శోకాలనూ ఒకే ఫైలులో కుట్టాడు. ఎడమ స్పీకరులో ఎదురు వీధి ఆమె, కుడి స్పీకరులో పెద్దమ్మ. ఇద్దరూ ఒకే ఊపిరికి మొదలుపెట్టేలా, శాపాలు రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి మాట తెలియకుండా పోయేలా సర్దాడు. రోజులు పట్టింది. సారు దాన్ని సృజన అన్నాడు. నేను ప్రాణభయం అన్నాను.

మామను పిలిచి వినిపించాం. చేత్తో ఆపమన్నాడు, మళ్ళీ పెట్టమన్నాడు, మళ్ళీ ఆపమన్నాడు. కోర్టులో సాక్షిని అడిగినట్లు మొదటి అక్షరం దగ్గరే ఉన్నాడు. చివరికి, "ఇట్లయితే సరే. ఒక్క మాట ముందొచ్చినా నా పూచీ ల్యా," అన్నాడు. పెద్దమ్మకు ఫోన్లో చెప్పాను. "ఆమె కూడా ఏడ్చిందా?" అని అడిగింది. తీసేయమని మళ్ళీ అనలేదు; ఎదురు వీధి ఆమెకు భాయ్ వాళ్ళమ్మ చేత చెప్పించాం.

హాలు రోజు రానే వచ్చింది. రెండు వీధులవాళ్ళూ వచ్చారు. ఎవరూ చెప్పకుండానే నడవకు ఆ పక్క వాళ్ళు, ఈ పక్క మేము. మగవాళ్ళు కూర్చోలేదు. గోడలకు ఆనుకుని, తలుపుకు దగ్గరగా, చేతులు కనపడకుండా తువ్వాళ్ళు కప్పుకుని నిలబడ్డారు. బయట ఒక కానిస్టేబులు చెట్టు కింద ఫోన్ చూసుకుంటున్నాడు. అన్నను రావద్దన్నాను, రాలేదు. పెద్దమ్మ ముందు వరుసలో కూర్చుంది. నడవకు అవతల ఎదురు వీధి ఆమె. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఎన్నేళ్ళుగానో ఒకే బోరింగు దగ్గర బిందెలు పెట్టి చూసుకోకుండా ఉండటం అలవాటు కదా.

సారు నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాడు. భాయ్ మీట నొక్కాడు.

"సద్దిమూట విప్పనే లేదే నా సామీ..."

పెద్దమ్మ గొంతు ఒక్కటే. ఎడమ స్పీకరు పలకలేదు.

భాయ్ టేబుల్ కిందికి దూరి తీగలు లాగుతున్నాడు. ఆపమని అరవాలి నేను. ఆపినా ఏం లాభం? ఎత్తిన మాట ఎత్తినట్లే. గోడకు ఆనుకున్నవాళ్ళు గోడ వదిలి నిలబడ్డారు. మామ లేచాడు. పెద్దమ్మ తన గొంతు తానే వింటూ కొంగు నోటిదాకా తెచ్చుకుంది. ఉల్లిగడ్డ మాట అయిపోయింది. ఎద్దుల మాట మొదలయింది. దాని వెనకాల శాపం ఉంది. ఆ వరస నాకు కంఠతా వచ్చు. అన్న బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నట్లు నాకు కళ్ళకు కట్టింది.

"గొర్రిపిల్లకు పాలు పట్టమంటివే నా సామీ!"

స్పీకరులోంచి కాదు. ఎదురు వీధి ఆమె లేచి నిలబడి, నెత్తిన కొంగు జారిపోయినా చూసుకోకుండా, గొంతెత్తి ఏడుస్తోంది. మైకు లేదు, ఏమీ లేదు. మందను పిలిచి పిలిచి పెరిగిన గొంతు. హాలంతా ఆమె గొంతే అయిపోయింది. "పట్టినా సామీ, నువ్వు సూడకపోతివే!" కుడి స్పీకరులో పెద్దమ్మ శాపం ఎక్కడో ఆ ఏడుపు కింద పడి నలిగిపోయింది. నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

పెద్దమ్మ తల తిప్పి చూసింది. కొంగు వదిలేసింది. నడవ దాటి పోయి ఆమె మెడ పట్టుకుంది. మిషన్లో ఉన్న గొంతును వదిలేసి, సొంత గొంతుతో తానూ ఎత్తుకుంది.

ఎంతసేపు ఏడ్చారో నేను చూడలేదు. నేనూ ఏడుస్తున్నాను. భాయ్ కంప్యూటర్ ఆపేశాక కూడా వాళ్ళు ఆపలేదు. వెనక వరుసల్లోంచి ఇంకా ఆడవాళ్ళు లేచివచ్చారు. ఏ వీధివాళ్ళో నేను చూడలేదు, వాళ్ళూ చూసుకోలేదు.

కాస్త సద్దుమణిగాక మామ నడవలోకి వచ్చాడు. ఆయన మొహంలో నెత్తురు లేదు. గోడల దగ్గర మగవాళ్ళంతా ఆయన నోటివైపే చూస్తున్నారు. ఆయన అడగక తప్పదు.

"ముందు ఎవురెత్తినారు?"

"నేనే," అంది ఎదురు వీధి ఆమె, కొంగు సర్దుకుంటూ. "ఏం జేస్తావు?"

స్పీకరు కన్నా ముందు ఆమె ఎత్తలేదని అక్కడ చెవులున్న ప్రతివాడికీ తెలుసు. పెద్దమ్మ ఆమె చెయ్యి వదలకుండానే మామ వైపు తిరిగింది.

"ఆయమ్మ అబద్ధం చెప్తాండాది. ముందుండేది నా గొంతు. నేనే ఎత్తినా."

"నువ్వు గమ్మునుండు మే, నేనంటాండా కదా!"

"నువ్వే గమ్మునుండు!"

అన్నేళ్ళకు ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. మామ ఇటు చూశాడు, అటు చూశాడు. మాట ఎత్తింది నువ్వంటే నువ్వని కొట్టుకోవడం ఆయన చూశాడు గానీ, నేనంటే నేనని కొట్టుకోవడం ఏ పంచాయితీలోనూ చూసి ఉండడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "నాకు చెవుడు ముదిరింది. ఇద్దురూ ఒక్కసారే ఎత్తినట్లు ఇనపడింది," అన్నాడు. గోడల దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే బయటికి పోయి బీడీలు ముట్టించుకున్నారు. సారు నా పక్కకు వచ్చి ఏమైందమ్మా అని అడిగాడు. ఏమీ కాలేదు సార్ అన్నాను. అంతకన్నా మంచి మాట ఆరోజు ఇంకేముంటుంది?

వెబ్‌సైటు తెరిచాం. ఆ ఊరికి ఒకటే మీట పెట్టాం, నొక్కితే ఇద్దరి గొంతులూ వస్తాయి. కొన్నాళ్ళకు నేను పులివెందుల పోయి మండీలో అన్నను కలిశాను. చీనీకాయల గుట్టల మధ్య ఇద్దరం గోనెల మీద కూర్చున్నాం. అమ్మ శోకం వింటావా అంటే విననని అనలేదు. ఫోన్ ఇచ్చి ఇయర్‌ఫోన్లు చేతిలో పెట్టాను. రెండూ పెట్టుకున్నాడు. వినీవినగానే ఉలిక్కిపడి, ఎడమ చెవిలోది పీకేశాడు.

"ఆమెది నాకొద్దు. అమ్మది చాలు."

కుడి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని వాళ్ళమ్మను విన్నాడు. ఎవరో వచ్చి లారీ వచ్చిందని పిలిచినా కదల్లేదు. అయిపోయాక మీట మళ్ళీ తనే నొక్కాడు. కాసేపు ఒక చెవితోనే విని, ఒళ్ళో వేలాడుతున్న రెండోదాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, చొక్కాకు తుడిచి, ఎడమ చెవిలో పెట్టుకున్నాడు.